ఇంగ్లీషువాళ్ళ 'నువ్వు' ఏమైంది?

(ఒక సాహిత్య సమావేశంలో చేసిన ప్రసంగం, రాతలోకి మార్చినది)

అందరికీ నమస్కారం. అధ్యక్షులవారు ఇందాక నన్ను పరిచయం చేస్తూ ఒక మాటన్నారు. ఇంగ్లీషు సమానత్వం ఉన్న భాష, కలెక్టరునైనా అటెండరునైనా 'యూ' అనే అంటారు, నువ్వు, మీరు, తమరు అనే గోల మనకే ఉంది అని. ఈ మాట చాలామంది అంటారు. ఇందులో సగం నిజం. మిగతా సగం సంగతి ఇవాళ మాట్లాడుకుందాం.

1603 నవంబరులో ఇంగ్లండులో ఒక రాజద్రోహం కేసు నడిచింది. లండన్‌లో ప్లేగు ఉంది కాబట్టి విచారణను వించెస్టర్‌కి మార్చారు. బోనులో నిలబడ్డ మనిషి సర్ వాల్టర్ రాలీ. ఎలిజబెత్ రాణి ఉన్నన్నాళ్ళూ ఓ వెలుగు వెలిగినవాడు. ఆవిడ పోయి జేమ్స్ రాజు గద్దెనెక్కిన కొన్ని నెలలకే బోనెక్కాడు. ప్రభుత్వం తరఫున వాదించింది అటార్నీ జనరల్ ఎడ్వర్డ్ కోక్. ఆ కాలంలో ఆయనంత లా తెలిసినవాళ్ళు లేరు. అలాంటి మనిషి నిండు కోర్టులో రాలీని పట్టుకుని, "విషసర్పమా, నిన్ను 'దౌ' అనే అంటాను, ద్రోహీ!" అని అరిచాడు. 'దౌ' అంటే ఆనాటి ఇంగ్లీషు 'నువ్వు'. మన భాషలో చెప్పాలంటే, "నీకు మీరేంట్రా, ఒరే అనే అంటా" అన్నట్టు.

దానికి రాలీ ఏమన్నాడో చూడండి. గౌరవం, గుణం ఉన్న మనిషి అనాల్సిన మాట కాదిది, అయినా మీ చేతనయ్యింది అంతే కదా అన్నాడు. ఆ జవాబులో 'యూ' ఉంది. అవతలివాడు 'ఒరే'లోకి దిగినా తను 'మీరు' వదల్లేదు. ప్రాణం మీదికొచ్చిన సమయంలో ఆ ఒక్క సర్వనామంతోనే కోక్ చెంప ఛెళ్ళుమనిపించాడు.

ఇక్కడ నాకొక ఇబ్బంది ఉంది. ఇదే కథ ఇంగ్లీషులో చెబితే రాలీ 'హీ', కోక్ 'హీ', జేమ్స్ రాజు కూడా 'హీ'. తెలుగులో చెప్పాలంటే ఎవర్ని ఆయన అనాలి, ఎవర్ని అతను అనాలి అని పొద్దున్నుంచీ టెన్షన్. ఇప్పుడే గమనించి ఉంటారు, రాలీని 'అన్నాడు' అంటూ కోక్‌ని 'ఆయన' అన్నాను. ఎందుకన్నానో నాకే తెలీదు. లాయరు కదా, భయం కాబోలు. (నవ్వులు)

సరే, ఈ 'దౌ' ఎక్కణ్నుంచి వచ్చింది? వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లీషులో గౌరవం గొడవేమీ లేదు. ఎదుట ఒకరుంటే 'థూ', అదే తర్వాత 'దౌ' అయింది. ఎక్కువమంది ఉంటే 'యే', దాని చోటికే తర్వాత 'యూ' వచ్చింది. ఇద్దరే ఉంటే దానికి ఇంకో మాట ఉండేది, సంస్కృతంలో యువాం లాగా. రాజైనా రైతైనా ఒక్కడుంటే 'థూ'నే. 1066లో నార్మన్లు దండెత్తి వచ్చి గెలిచారు. ఆ తర్వాత కొన్ని తరాలపాటు కోటల్లో ఫ్రెంచి, పొలాల్లో ఇంగ్లీషు. ఫ్రెంచిలో పెద్దవాళ్ళను బహువచనంతో పిలిచే మర్యాద ఉంది. 13వ శతాబ్దానికల్లా అది ఇంగ్లీషులోకి పాకింది. బహువచనమైన 'యూ' పెద్దలకిచ్చే గౌరవమైంది, ఏకవచనమైన 'దౌ' కిందివాళ్ళకు మిగిలింది. మన 'మీరు' కూడా ఇంతే కదా, పదిమందికీ అదే, ఒక పెద్దమనిషికీ అదే.

షేక్స్‌పియర్ కాలానికి ఇది బాగా ముదిరింది. యజమాని నౌకరుని 'దౌ' అంటే నౌకరు 'యూ' అనాలి. తండ్రికీ కొడుక్కీ మధ్య కూడా అంతే. ఇంకో సంగతి మరీ ముఖ్యం. పెద్దింటివాళ్ళు తమలో తాము 'యూ' అనుకునేవారు, కూలినాలి జనం తమలో తాము 'దౌ' అనుకునేవారు. అంటే ఆ మాట మీరెవరితో మాట్లాడుతున్నారో చెప్పడమే కాదు, మీరెవరో కూడా చెప్పేసేది. షేక్స్‌పియర్ 'ట్వెల్ఫ్త్ నైట్' (పన్నెండో రాత్రి) నాటకంలో ఒక తాగుబోతు పెద్దమనిషి, ద్వంద్వయుద్ధానికి సవాలు రాస్తున్న స్నేహితుడికి సలహా ఇస్తాడు: ఉత్తరంలో ఓ మూడుసార్లు 'దౌ' అని తగిలించు, తప్పేం లేదు అని. తిట్లు వెతుక్కోనక్కర్లేదు, సర్వనామం మారిస్తే చాలు. మనకు తెలీనిదా ఇది? రోడ్డు మీద బండ్లు గుద్దుకుంటే "ఏంటండీ చూసుకోరా" దగ్గర మొదలై మూడో వాక్యానికి "ఏంట్రా నువ్వు"లోకి వస్తుంది. అక్కణ్నుంచి చొక్కా కాలరే.

ఇప్పుడు క్వేకర్ల దగ్గరికొద్దాం. నన్నడిగితే ఇంగ్లీషు భాషాచరిత్రలో ఇంత మొండి మనుషులు ఇంకెవరూ లేరు. 17వ శతాబ్దం మధ్యలో జార్జ్ ఫాక్స్ అనే ఆయన మొదలుపెట్టిన క్రైస్తవశాఖ అది. దేవుడి ముందు అందరూ సమానమే అనే మాట మిగతావాళ్ళు ఆదివారం చర్చిలో చెప్పుకునేవారు. వీళ్ళు సోమవారం బజారులో కూడా పాటించారు. జడ్జి ముందు టోపీ తియ్యరు. ఎంతటివాడికైనా వంగి దండం పెట్టరు. ఒక్క మనిషి ఎదురుగా ఉంటే, ఆయన జమీందారైనా సరే, 'దౌ' అనే అంటారు. వాళ్ళ తర్కం వ్యాకరణంలాగే సూటిగా ఉంటుంది. ఒకడిని ఒకడిగా, పదిమందిని పదిమందిగా పిలవాలి. ఒక మనిషిని బహువచనంతో పిలవడం ముఖస్తుతి, ముఖస్తుతి అంటే అబద్ధం, అబద్ధం పాపం. 1660లో ఫాక్స్, ఆయన మిత్రులు దీనికోసమే ఒక పుస్తకం వేశారు. ఎన్నో భాషల నుంచి ఏకవచన, బహువచన రూపాలు తెచ్చి పెట్టి, పంతుళ్ళకే పాఠం చెప్పబోయారు.

థామస్ ఎల్‌వుడ్ అని ఓ కుర్రాడు ఆ రోజుల్లోనే ఈ శాఖలో చేరాడు. తండ్రి ఊళ్ళో న్యాయాధికారం ఉన్న మనిషి. కొడుకు ఇంట్లో టోపీ తియ్యకుండా ఎదురొచ్చి 'దౌ' అనేసరికి తండ్రి చెయ్యి చేసుకున్నాడు. ఇంకోసారి ఆ మాట వినబడితే పళ్ళు గొంతులోకి దిగేలా కొడతానన్నాడు. ఎల్‌వుడ్ ఇదంతా తన జీవితకథలో రాసుకున్నాడు. తండ్రి బాధ నాకు అర్థమవుతుంది. మన ఇళ్ళలో తండ్రిని నువ్వు అనడం మామూలే, గోదావరి జిల్లాల్లో కొన్ని ఇళ్ళలో మీరు అంటారు, ఎవరి అలవాటు వారిది. కానీ నిన్నటిదాకా మీరు అన్న కొడుకు ఒక పొద్దున లేచి, సిద్ధాంతం ప్రకారం ఇవాళ్టి నుంచి నువ్వే అంటానంటే ఏ తండ్రి ఊరుకుంటాడు?

క్వేకర్లు గెలిచారా? గమ్మత్తంతా ఇక్కడే ఉంది. వాళ్ళు కోరుకున్నది అందరికీ ఒకే మాట ఉండాలని. ఆ కోరిక తీరింది, కానీ తిరగబడి తీరింది. అందరూ 'దౌ'లోకి దిగలేదు, అందరూ 'యూ'లోకి ఎక్కేశారు. 17వ శతాబ్దం ముగిసేసరికి చదువుకున్నవాళ్ళ మామూలు మాటల్లో 'దౌ' దాదాపు లేదు. ఎందుకిలా అయిందంటే కారణాలు రకరకాలుగా చెబుతారు. నాకు నచ్చింది లండన్ నగరం కథ. పల్లెలో ఎవరు ఎవరో అందరికీ తెలుసు. నగరంలో డబ్బు చేసుకున్న బట్టల వ్యాపారి, అప్పుల్లో మునిగిన ప్రభువు ఒకే వీధిలో ఒకేలాంటి కోటు వేసుకుని తిరుగుతారు. ఎవణ్ని 'దౌ' అంటే ఏం కొంప మునుగుతుందో. అందుకని అందరినీ 'యూ' అనెయ్యడం క్షేమం. హైదరాబాదులో మనం ముక్కూమొహం తెలియనివాళ్ళందరినీ సార్, మేడమ్ అన్నట్టు. 'దౌ' అంటే క్వేకరు అనుకుంటారేమోనన్న భయం కూడా కొంత పనిచేసిందని కొందరి మాట.

కాబట్టి అధ్యక్షులవారు క్షమించాలి. ఇంగ్లీషులో అటెండరునీ కలెక్టరునీ ఒకే మాటతో పిలుస్తారు, నిజమే. ఆ మాట మాత్రం 'మీరు'. పోయింది 'నువ్వు'.

ఆ 'నువ్వు' చర్చిలో మిగిలింది. 1611లో జేమ్స్ రాజు పేరు మీద వచ్చిన బైబిల్లో దేవుణ్ని 'దౌ' అనే పిలిచారు. మూలభాషల్లో ఏకవచనం ఉంది, అదే తెచ్చారు. తర్వాత తరాలవాళ్ళకు ఆ మాట చర్చిలో తప్ప ఇంకెక్కడా వినబడలేదు. దాంతో అదేదో మహా గౌరవవాచకం అనుకోవడం మొదలైంది. ఇప్పటికీ చాలామంది ఇంగ్లీషువాళ్ళు అలాగే అనుకుంటారు. మన తెలుగు బైబిల్లోనూ తండ్రిని 'నీ నామము' అనే అంటారు, రామదాసు రాముణ్ని నిలదీసింది కూడా 'నువ్వు' అనే. మనకు ఆ చనువు ఇంకా తెలుస్తుంది. వాళ్ళకు తెలియడం మానేసింది.

'దౌ' మిగిలిన రెండో చోటు పొలాలు, బొగ్గు గనులు. యార్క్‌షైర్, లాంకషైర్, నాటింగమ్‌షైర్, ఇటు నైరుతి జిల్లాలు. యార్క్‌షైర్‌లో దాన్ని 'దా' అంటారు. అక్కడొక నానుడి ఉంది: "నన్ను 'దా' అనకు, నిన్ను నువ్వే 'దా' అనుకుని చూడు, ఎలా ఉంటుందో తెలుస్తుంది." లండన్‌లో ఆ మాట చచ్చిన రెండు వందల ఏళ్ళ తర్వాత కూడా అక్కడ దాంతో చెంపదెబ్బలు కొట్టుకుంటున్నారన్నమాట. 1950 నుంచి 1961 దాకా లీడ్స్ విశ్వవిద్యాలయం తరఫున హెరాల్డ్ ఆర్టన్ బృందం ఇంగ్లండు అంతా తిరిగి 313 ఊళ్ళలో మాండలికాలు సేకరించింది. ఎక్కువగా పల్లెల్లోని ముసలి రైతులతో మాట్లాడారు. 'దౌ' రూపాలు ఇంకా బతికే ఉన్నాయి. నైరుతిలో అయితే 'షీ టోల్డ్ మీ' అనాల్సిన చోట 'హర్ టోల్డ్ ఐ' అనేవాళ్ళు దొరికారు. మన టీచర్లు వింటే బెంచీ ఎక్కించేస్తారు. కానీ వాళ్ళు ఇంగ్లండులోనే పుట్టినవాళ్ళు, వాళ్ళ అమ్మ నేర్పిన ఇంగ్లీషు అది.

డి.హెచ్. లారెన్స్ నాటింగమ్‌షైర్‌లో ఈస్ట్‌వుడ్ అనే గనుల ఊరివాడు. తండ్రి బొగ్గు తవ్వే కూలీ, మాండలికం మాట్లాడేవాడు. తల్లి కొన్నాళ్ళు బడిలో పాఠాలు చెప్పిన మనిషి, పుస్తకాల ఇంగ్లీషు మాట్లాడేది. ఒకే వంటింట్లో రెండు వర్గాలు. 'లేడీ చాటర్లీస్ లవర్' నవలలో అడవికి కాపలా కాసే మెల్లర్స్ ఇదివరకు సైన్యంలో ఆఫీసరు, రెండు ఇంగ్లీషులూ వచ్చు. అయినా దొరల ముందు కావాలనే మాండలికంలోకి దిగుతాడు. ప్రేమలోనూ దిగుతాడు, పొగరు చూపించడానికీ దిగుతాడు. ఒకే మాటలో ఆ రెండూ ఉండటం తెలుగువాడికి చెప్పక్కర్లేదు. 1960లో ఈ నవల మీద అశ్లీలం కేసు నడిచింది. ప్రాసిక్యూటరు జ్యూరీని అడిగాడు, మీ భార్యలో, మీ నౌకర్లో ఈ పుస్తకం చదవాలని మీరు కోరుకుంటారా అని. భార్యలు సరే, నౌకర్లట! జ్యూరీలో చాలామందికి నౌకర్లు లేరు. ప్రభుత్వం కేసు ఓడిపోయింది.

సర్వనామంలో తేడా పోయింది కదా, మరి ఎక్కువతక్కువలు ఎటు పోయాయి? ఎటూ పోలేదు. వాక్యంలో పక్కకి జరిగి కూర్చున్నాయి. నేనివాళ చెప్పదలుచుకున్న సంగతి ఇదే.

మొదట క్రియలోకి జరిగాయి. 'దౌ' పోయాక 18వ శతాబ్దం జనం ఒక తెలివైన పని చేశారు. ఎదుట ఒక్కరే ఉంటే 'యూ వాజ్' అన్నారు, పదిమంది ఉంటే 'యూ వర్'. పోయిన తేడాను క్రియ సాయంతో తెచ్చుకున్నారు. చదువుకున్నవాళ్ళు ఉత్తరాల్లో కూడా అలాగే రాసేవారు. 1762లో రాబర్ట్ లౌత్ అనే మతగురువు వ్యాకరణం రాసి, 'యూ వాజ్' ఘోరమైన తప్పు అని తేల్చాడు. ఆ తర్వాత ఆయన లండన్ బిషప్ అయ్యాడు. బళ్ళలో చదివినవాళ్ళు ఆయన చెప్పినట్టు మానేశారు, బడి మొహం చూడనివాళ్ళు మానలేదు. ఇవాళ తూర్పు లండన్‌లో ఒక కుర్రాడు 'యూ వాజ్' అంటే చదువు రానివాడు అంటారు. తన ముత్తాతల కాలంలో అది మర్యాదస్తుల మాటే.

తర్వాత ఉచ్చారణలోకి జరిగాయి. ఇంగ్లీషువాడు నోరు తెరిస్తే చాలు, ఇంకో ఇంగ్లీషువాడికి అతని మీద అసహ్యమో ద్వేషమో పుడుతుందని బెర్నార్డ్ షా రాశాడు. బోర్డింగు బళ్ళలో తయారైన ఒక యాస దేశమంతటికీ 'సరైన' యాస అయ్యింది. 1922లో పుట్టిన బీబీసీ దాన్ని ఇంటింటికీ చేర్చింది. రెండో ప్రపంచయుద్ధంలో, 1941లో, యార్క్‌షైర్ యాస ఉన్న విల్‌ఫ్రెడ్ పికిల్స్‌ని వార్తలు చదవమన్నారు. చివర్లో 'గుడ్ నైట్' బదులు ఆయన 'గుడ్ నీట్' అనేవాడు. ఆ యాసలో చెబితే వార్తల మీద నమ్మకం కుదరట్లేదని విన్నవాళ్ళు కొందరు మొత్తుకున్నారు. వార్త అదే, బాంబులు అవే.

బ్రిటన్ ప్రధానిగా పనిచేసిన మార్గరెట్ థాచర్ సంగతి ఇంకా బాగుంటుంది. లింకన్‌షైర్‌లో గ్రాంథమ్ అనే ఊళ్ళో కిరాణా కొట్టు యజమాని కూతురు. ఆవిడ యాసను సాధన చేసి, నేర్పించుకుని మార్చుకుంది. 1983లో పార్లమెంటులో ప్రతిపక్ష నాయకుడు ఒకాయనతో వాగ్వాదం వచ్చింది. ఎన్నికలంటే భయమా అని దెప్పుతూ ఆవిడ ఒకదాని తర్వాత ఒకటి 'అఫ్రెయిడ్', 'ఫ్రైటెండ్' అంది, ఆ ఊపులో 'ఫ్రిట్' అనేసింది. అది పక్కా గ్రాంథమ్ మాట. కోపం వస్తే కిరాణా కొట్టు బయటికి వచ్చేసింది. ఆరేళ్ళకు, 1989లో, మనవడు పుట్టినప్పుడు విలేఖరుల ముందుకొచ్చి "వి హావ్ బికమ్ ఎ గ్రాండ్‌మదర్" అంది. 'మేము అమ్మమ్మ... కాదు, నానమ్మ అయ్యాం' అని. కొడుకు బిడ్డ లెండి. 'వి' అనేది రాణీగారి సర్వనామం. ఆ వారమంతా దేశం నవ్వుకుంది. ఒకే మనిషి కిందికి జారితే 'ఫ్రిట్', పైకి జారితే 'వి'. రెండిటికీ నవ్వేవాళ్ళున్నారు.

అమెరికాలో ఇవి ఉండవనుకుంటారు. 1962లో విలియం లబోవ్ అనే పరిశోధకుడు న్యూయార్క్‌లో మూడు పెద్ద దుకాణాలకు వెళ్ళాడు. శాక్స్ ఖరీదైనది, మేసీస్ మధ్యతరగతిది, క్లైన్ చవకది. నాలుగో అంతస్తులో ఏ సరుకు ఉందో ముందే తెలుసుకుని, సేల్స్‌వాళ్ళను ఫలానాది ఎక్కడుందండీ అని అడిగేవాడు. వాళ్ళు 'ఫోర్త్ ఫ్లోర్' అనేవారు. వినబడనట్టు 'ఏమన్నారు?' అంటే మళ్ళీ నొక్కి చెప్పేవారు. అక్కణ్నుంచి పక్కకి వెళ్ళి రాసుకునేవాడు, ఆ రెండు మాటల్లో 'ర' పలికారా లేదా అని. అంతే పరిశోధన. శాక్స్‌లో 62 శాతం మంది అంతో ఇంతో 'ర' పలికారు, మేసీస్‌లో 51 శాతం, క్లైన్‌లో ఐదుగురిలో ఒకరు. జీతాల్లో పెద్ద తేడా లేని సేల్స్‌వాళ్ళే, కొనేవాళ్ళ హోదా వాళ్ళ నాలుక మీదికి వచ్చింది. ఇంకో వింత, న్యూయార్క్‌లో 'ర' పలికితే గొప్ప, లండన్‌లో అదే చోట 'ర' మింగితే గొప్ప. పాపం 'ర' చేసిన పుణ్యమూ లేదు, పాపమూ లేదు.

మన సంగతి కూడా ఒక్క మాట అనుకుందాం. మన ఊళ్ళలో అరవై ఏళ్ళ మనిషిని పదేళ్ళ పిల్లాడు కులం చూసి 'ఒరే' అనడం పాతకథ కాదు, చూసినవాళ్ళు ఈ హాల్లోనే ఉంటారు. అలాంటి చోటి నుంచి వచ్చినవాడికి ఇంగ్లీషులో 'యూ' అనిపించుకోవడం ఊపిరి పీల్చుకున్నట్టే ఉంటుంది. ఆ ఊరటను నేను తక్కువ చెయ్యను. అధ్యక్షులవారన్న సగం నిజం అదే. పత్రికాఫీసులో అనువాదం డెస్కు దగ్గర కూర్చోండి, తేడా తెలుస్తుంది. ఏజెన్సీ నుంచి రెండు ఇంగ్లీషు వార్తలు వస్తాయి, ఒకటి మంత్రి గురించి, ఒకటి జేబుదొంగ గురించి. రెండింటిలోనూ 'హీ సెడ్'. తెలుగులోకి వచ్చేసరికి మంత్రిగారు 'ఆయన చెప్పారు', దొంగ 'అతడు చెప్పాడు'. నేరం రుజువైందా లేదా అని ఆ 'డు' అడగదు. మంత్రి మీదే కేసు ఉంటే సబ్‌ఎడిటర్ తల గోక్కుంటాడు.

ఇక ప్రశ్నలు. ముందు వరసలో అమ్మాయి చీటీ పంపింది: "ఒక్క మనిషిని 'దే' అనడం తప్పు కదా, ఇప్పుడు అందరూ ఎందుకలా అంటున్నారు?"

ఆడో మగో తెలియనప్పుడు ఒక్కరిని 'దే' అనడం 14వ శతాబ్దం నుంచీ ఉందమ్మా. తర్వాత వ్యాకరణ పుస్తకాలవాళ్ళు వచ్చి 'హీ' అంటే చాలు, అందులో ఆడవాళ్ళూ వస్తారన్నారు. 1850లో బ్రిటిష్ పార్లమెంటు చట్టాల భాషకు అదే సూత్రం పెట్టింది కూడా. జనం మాత్రం మాటల్లో 'దే' మానలేదు. తాము ఆడా మగా కాదనుకునేవాళ్ళు కూడా ఇప్పుడు దాన్నే తమ మాటగా తీసుకున్నారు. 2019లో మెరియమ్ వెబ్‌స్టర్ నిఘంటువు 'దే'ని ఆ ఏటి మాటగా ఎంచింది. బహువచనం ఏకవచనం ఎలా అవుతుందని నీ సందేహం. నువ్వు నాతో ఒక్కడితో మాట్లాడుతూ 'యూ ఆర్' అంటావు, 'ఆర్' బహువచనమే కదా. 'దే' తప్పయితే అదీ తప్పే. జార్జ్ ఫాక్స్ ఉండుంటే రెండూ తప్పేననేవారు, పైగా టోపీ కూడా తీసేవారు కాదు. (నవ్వులు) తర్వాతి చీటీ ఇవ్వండి.